మిల్లు నాయుడుగోరికి పెళ్లిసంబంధం

కోటబొమ్మాళి స్టేషన్ బయట సోములు టీ బడ్డీ కాడ అందరికీ గాజు గ్లాసుల్లో టీ వస్తాది, ధనరాజుకి మాత్రం కాగితం కప్పులో వస్తాది. ఎందుకని ఎవరూ అడగరు. విజయనగరంలో ఒక ఆసుపత్రి శవాల గదిలో పని ఆడిది. సచ్చినోళ్ల నరాల్లోకి మందెక్కించి కుళ్లకుండా ఆపుతాడు, ఎంబామింగంటారు దాన్ని. ఆ సేతులు తగిలిన గ్లాసు మళ్లీ ఇంకెవడు ముట్టుకుంటాడని సోములు భయం.

ఈవేళ ధనరాజు ఆ కప్పుని అరచేత్తో కప్పెట్టి పట్టుకున్నాడు. ఎదురు బల్ల మీద చేపల తట్ట పక్కనెట్టుకుని లక్ష్మణమ్మ కూకున్నాది మరి. ఆవిడ కూతురు తులసిని ఇమ్మని కబురెడితే "శవాలోడికా" అన్న ఒక్క మాటే తిరిగొచ్చింది. ఇప్పుడు రైలు లేటు, ఆవిడ ఎక్కడికీ పోలేదు. ఇంతకంటే అదను దొరకదనుకుని ధనరాజు ఆటో కూర్మయ్య వైపు తిరిగాడు, గొంతు మాత్రం ఆవిడకి వినబడేలాగ పెంచాడు.

"మా పనంటే ఏటనుకుంటన్నావు మావా. నడి ఎండాకాలం, ఊళ్లో కరెంటు లేదు, మిల్లు నాయుడుగోరు పోనారు. కొడుకు దుబాయ్ నుంచి రావాల. నన్ను పిలిపించినారు. తొడ కాడ చిన్న గాటెట్టి, నరం దొరకబుచ్చుకుని, గొట్టమెట్టి మందొదిలినాను. వాసన లేదు, ఈగ లేదు. ఒక్క ఈగొచ్చిందిలే, పెద్దాయన పడుకున్నారనుకుని సప్పుడు సెయ్యకుండా ఎల్లిపోనాది."

"మర్యాదున్న ఈగే," అన్నాడు కూర్మయ్య.

"ఆ తర్వాత ఏటైనాదో తెలుసా? కొడుక్కి టిక్కెట్టు దొరకనేదు. నాను బుగ్గలు కాసింత నింపి, మీసం దువ్వినాను. పది రోజులు తిరిగేసరికి ఎనభయ్యేళ్ల మనిషి అరవైకి దిగిపోనాడు, జుట్టు మొదళ్లు నల్లబడతన్నాయి. పెద్దావిడొచ్చి సూసి, పెళ్లినాడు కూడా ఈ మనిషి ఇంత బాగులేడు, తీసుకెళ్లొద్దు ఉండనీండి అని గుమ్మానికి అడ్డం పడుకున్నాది."

"ఉంచేసినారేటి?" అన్నాడు సోములు, పాలు పొంగుతున్నా సూసుకోకుండా.

"ఉంచకేటి. ఈలోగా ఒకటో తారీకొచ్చేసింది. పింఛన్ల కుర్రాడు మిషనట్టుకొచ్చి, తాతా ఏలెట్టు అన్నాడు, ఆడికి తెల్దు కదా. ఆడే బొటనేలట్టుకుని నొక్కినాడు. ఒక్క నొక్కుకే ముద్ర పడిపోనాది."

"మిల్లున్నోడికి పింఛనేట్రా?"

"మిల్లున్నోడికే వస్తాది మావా, నీకెందుకొస్తాది."

సోములు నిట్టూర్చాడు. "మా యమ్మకి ఎన్నిసార్లు నొక్కినా పడట్లేదు."

"ఓపాలి నా కాడికి తీసుకురా, నాను సూస్తాను."

"ఒరే."

"సరే, ఇది విను. పొరుగూరోళ్లు పెళ్లికొడుకుని ఎతుక్కుంటా వచ్చినారు. వరండాలో కుర్చీలో నాయుడుగోరు. కుర్రోడు నెమ్మదస్తుడు, తాగడు, మాటకి మాట అనడు అని అక్కడికక్కడ సంబంధం ఖాయం సేసుకున్నారు. పిల్ల కూడా సిగ్గుపడిపోనాది. మా మందంటే అది మావా. సచ్చింది ఏదైనా సరే, లేసి నవ్వాల."

కూర్మయ్య నవ్వి నవ్వి దగ్గాడు. లక్ష్మణమ్మ నవ్వలేదు. తట్టలోంచి ఒక కోనాం చేపని తీసి ధనరాజు ముందు బల్ల మీద పెట్టింది.

"నిన్నటిది ఇది. కన్ను లోపలికెల్లిపోనాది. చేపలకి శవాల మందు కొడతన్నారని టీవీలో వచ్చిన కాడ్నుంచి నా తట్ట వైపు ఎవరూ సూడట్లేదు. ఎలాగూ మాట పడ్డాను కదా. నీ సంచిలో మందుంటే దీనికి కొట్టు. ఇది లేసి నవ్వితే తులసిని నీకిచ్చేస్తాను, ఈవేళే."

"కొట్రా, ఇంకేటి ఆలోసన," అన్నాడు కూర్మయ్య.

సంచిలో సీసా ఉంది. చేప నవ్వదు గానీ, సాయంత్రం దాకా గట్టిగా, నిగనిగలాడతా ఉంటాది. ఇందాకట్నుంచి ఆడు సెప్పినవాట్లో జరిగే పని అదొక్కటే. ధనరాజు సంచి మీద సెయ్యేశాడు, తీసేశాడు. చేపని ఆవిడ వైపు తోసేశాడు.

"నాను కొట్టనత్తా."

"ఏం, పన్జెయ్యదా?"

"సేస్తాది. కానీ దీన్ని తిన్నోడు రేపు నా శవాల బల్ల మీదికొస్తాడు."

"మరి నాయుడుగోరికి సంబంధం?"

"రానేదు."

"పింఛను?" అన్నాడు సోములు, ఇంకా ఆశ సావక.

"పడనేదు."

"పది రోజులు?"

"మూడో రోజుకే కొడుకొచ్చేసినాడు."

"వాసన?"

"కాసింత."

"ఈగ?"

"ఈగలు మావా."

లక్ష్మణమ్మ ఆడి మొహంలోకి సూసింది. "మీసం?"

"మీసం నిజంగా నానే దువ్వినానత్తా. పెద్దావిడ సూసి ఏడుపాపింది. మీసం కిందికి కాదురా పైకి అని తనే సరిసేసింది."

రైలు కూత వినబడింది. లక్ష్మణమ్మ ఆ కోనాంని బడ్డీ ఎనకాల కుక్కకి ఇసిరేసి, తట్ట నెత్తికెత్తుకున్నాది.

"ఒరే సోములూ, ఈడికి టీ గ్లాసులో పొయ్యి."

"గ్లాసులోనా అక్కా?"

"నీ గ్లాసుల కంటే ఆడి సేతులే సుబ్బరంగా ఉన్నాయి. పొయ్యి."

పొగలు కక్కుతున్న గ్లాసు ధనరాజు సేతిలోకొచ్చింది. ఆడి మొహం ఎలిగిపోయింది. "అత్తా, ఆ నాయుడుగోరి మిల్లులో ఒక ఎద్దుండేది..."

"నోరు తెరిసినావంటే మళ్లీ కాగితం కప్పే."

ధనరాజు వేడి టీ గుక్కెడు నోట్లో పోసుకున్నాడు. నాలిక కాలినా కిమ్మనలేదు.