పై పన్ను

నరసాపురం. సాయంత్రం. అరుగు మీద లేసు అల్లుతూ సూరమ్మ, పక్కన బుగ్గ పట్టుకుని ఆమె మనవరాలు తబిత.

“కింది పన్నయితే పీకించుకో. నేనేమన్నా అన్నానా? పై పన్ను మాత్రం ముట్టుకోనివ్వను.”

“నొప్పి పై దానికే మామ్మా.”

“లవంగం పెట్టు.”

“నాలుగు నెలల నుంచి పెడుతున్నా. డబ్బా ఖాళీ అయింది.”

“పై పంటి వేరు కంట్లోకి ఉంటుందే. పీకితే కన్ను మసకబారుతుంది. మన వీరవేణి ఏమైంది? పీకించుకున్న ఏడాదికే సోడాబుడ్డి కళ్ళద్దాలు.”

“వీరవేణత్తకి షుగరు.”

“షుగరు తర్వాతొచ్చింది.”

“ఎక్స్‌రేలో నేనూ చూశాను మామ్మా. చివరి పన్ను అడ్డంగా పడుకుని బుగ్గలోకి పొడుచుకొస్తోంది. కంటి దాకా వెళ్ళిన వేరేమీ లేదు.”

“అబ్బో, ఎక్స్‌రేలు చదివేస్తున్నావా. ఆదివారం చర్చిలో వాక్యం చదవమంటే నీ గొంతు నీకే వినపడదు. నా మీదికి మాత్రం బానే లేస్తుంది.”

“నోరు పూర్తిగా తెరుచుకోవట్లేదు మరి.”

“ఇప్పుడు తెరుచుకుందిగా. నన్ను చూడు. అరవై తొమ్మిదేళ్ళు. ముప్పైరెండు పళ్ళూ ఉన్నాయి, ఒక్కటి కదల్లేదు. చెరుకు ముక్క పళ్ళతో చీలుస్తా. అందుకే నా చూపు చెక్కుచెదర్లేదు, ఈ వయసులోనూ లేసు అల్లుతున్నా.”

“మొన్న లేసు కొనే ఏజెంటు నువ్వల్లిన రెండు గుడ్డలు తిప్పి పంపాడంట కదా.”

“దారం బాలేదన్నాడు.”

“దారం ఇచ్చింది ఆయనే కదా.”

“మాట మార్చకు. కళ్ళు పోతే ఏం చేస్తావు? నీ చదువంతా కళ్ళతోనే కదా.”

“ఈ నొప్పితో ఒక్క పేజీ బుర్రకెక్కట్లేదు. వచ్చే నెల ఇంటర్ పరీక్షలు. రేపు పొద్దున్న ఇడ్లీ తినేసి, ఇచ్చిన మాత్ర వేసుకుని, నాన్నతో భీమవరం వెళ్తున్నా.”

“నేను ఒప్పుకోలేదు.”

“నేను అడగలేదు మామ్మా. చెప్తున్నా.”

మర్నాడు మధ్యాహ్నం. అదే అరుగు.

“ఏదీ, నోరు తెరువు.”

“ఊఁహూఁ.”

“ఏం, మాట కూడా పీకేశారా?”

“దూది... కొరికి పట్టుకోవాలి. గంట.”

“బుగ్గ చూడు, బూరెలా పొంగింది. వేడివేడిగా జావ తాగు.”

“వేడి వద్దన్నారు. చల్లార్చి ఇవ్వు. ఉమ్మకూడదు కూడా.”

“అయితే రక్తం మింగమన్నాడా ఆ డాక్టరు?”

“ఉమ్మితే లోపల కట్టిన గడ్డ ఊడిపోతుందంట.”

“ఏం వైద్యాలో. సరే, కుడి కన్ను మూసుకో. ఇవి ఎన్ని వేళ్ళు?”

“మూడు.”

“ఇప్పుడు?”

“వేళ్ళు కాదు. అది లేసు సూది.”

“ఇవాళ్టికి ఉంటుందిలే చూపు. లోపల వేరు ఎండాక తెలుస్తుంది. వారం రోజులు చూస్తా.”

“నెల చూసుకో.”

ఆరో రోజు పొద్దున్న.

“వాపు తగ్గింది. ఉప్పునీళ్ళు పుక్కిలించావా?”

“పుక్కిలించా. మొన్నటిదాకా పెరుగన్నం మింగా. ఇవాళ ఇడ్లీ రెండు వైపులా నమిలా. రాత్రి రెండు చాప్టర్లు కూడా చదివా.”

“నోటి సంగతి ఎవరడిగారు? నిన్న అల్లిన బల్లగుడ్డ ఇది. అలా గుమ్మం దగ్గర నిలబడి ఎడం కన్నుతో చూడు. ఈ మూల పువ్వుకి రేకులెన్ని?”

“ఎనిమిది.”

“దీనికి?”

“ఎనిమిది.”

“ఈ మధ్యలో దానికి?”

“ఏడు.”

“సరిగా చూడు.”

“దగ్గరికొచ్చి చూస్తున్నా. ఏడే మామ్మా.”

“చెప్పానా, లేదా? యాభై ఏళ్ళ నుంచి పువ్వుకి ఎనిమిది రేకులు తప్ప అల్లి ఎరగను. పోయింది. బంగారం లాంటి కన్ను పోయింది. ఒరే విజయ్ పాల్, ఇట్రారా, నీ కూతురు...”

“నాన్నని పిలవకు.”

“పిలుస్తా. భీమవరం తీసుకెళ్ళింది వాడే కదా.”

“పిలవకు మామ్మా. ముందు నీ వేలు ఇటివ్వు.”

“దేనికి?”

“తడుము. ఇదిగో, ఇక్కణ్ణుంచి. పైకి వినపడేలా లెక్కపెట్టు.”

“ఒకటి. రెండు. మూడు... నాలుగు. అయిదు. ఆరు. ఏడు.”

“తర్వాత?”

“ఏడు... ఇది మొదటిదేనా?”

“మొదటిదే. నా వేలు దాని మీదే ఉంచా.”

“మబ్బుగా ఉంది నిన్న. వెలుతురు చాల్లేదు.”

“నిన్న ఎండ కాసింది. నువ్వు ఒడియాలు కూడా ఆరబెట్టావు.”

“ఒక్క రేకే కదే.”

“దీని పక్క పువ్వుకి ఆరే ఉన్నాయి. ఏజెంటు తిప్పి పంపినవి కూడా ట్రంకుపెట్టెలోంచి తీసి చూశా. దారం బానే ఉంది.”

“...మీ నాన్నకి చెప్పకు. సూది లాగేసుకుంటాడు.”

“లాగనివ్వను. కానీ రేపు కళ్ళ డాక్టరు దగ్గరికి నువ్వూ నేనూ వెళ్తున్నాం.”

“నా కళ్ళకేమైందే?”

“అదే నేనూ అడుగుతున్నా. ముప్పైరెండూ ఉన్నాయి కదా మామ్మా నీకు. మరి ఏ పన్ను పీకారని నీ కళ్ళు మసకబారాయి?”