రెండో పిలుపు ఎవరు పిలవాలి

ఆదివారం మధ్యాహ్నం బిర్యానీ తినిపించి మరీ మిమ్మల్నందరినీ నిద్రపోకుండా కూర్చోబెట్టిన హారో తెలుగు సమితి అధ్యక్షులు శేషగిరి గారికి, నాచేత ఎనిమిదేళ్ళు పని చేయించుకుని ఇవాళ శాలువా కప్పి సాగనంపుతున్న మా కంపెనీ యజమాని రఘువీర్‌కి, మా ఆఫీసు పెద్దదిక్కు వెంకటసుబ్బయ్య గారికి, ఈస్ట్ హామ్ నుంచి రెండు ట్యూబు రైళ్ళు మారి వచ్చిన మా టీమ్ పిల్లలకి, అంకుల్స్‌కి, ఆంటీలకి, మొదటి వరుసలో కూర్చుని "మమ్, కీప్ ఇట్ షార్ట్" అని చేత్తో సైగ చేస్తున్న మా అమ్మాయి మధులికకి, అందరికీ ప్రభావతి నమస్కారాలు.

షార్ట్‌గా చెప్పడం నా వల్ల కాదు గానీ, అసలు సంగతి ముందే చెప్పేస్తాను. నాకు ఈ వేదిక మీద ఒక పని ఉంది. పోయిన దసరాల్లో ఒకాయన నన్ను పెళ్ళి చేసుకుంటారా అని అడిగారు. (సభలో కలకలం.) నేను ఇంతవరకూ జవాబు చెప్పలేదు. ఆయన వచ్చే వారం మాంచెస్టర్ వెళ్ళిపోతున్నారు. నేనేమో ఇవాళ్టితో రిటైరు అవుతున్నాను. ఇంక మేమిద్దరం ఎదురుపడే అవకాశమే లేదు. అందుకని ఈ మైకు నా చేతిలో ఉండగానే ఆ విషయం తేల్చుకుని దిగాలని వచ్చాను. పేరు చెప్పను, మర్యాద కాదు. ఈ హాల్లోనే ఉన్నారని మాత్రం చెబుతాను. దయచేసి ఎవరూ వెనక్కి తిరగకండి. (అందరూ వెనక్కి తిరిగారు. నవ్వులు.) సరే, మా కంపెనీ నుంచి మాంచెస్టర్ వెళ్ళేది ఒక్కరే, ఇక దాచి లాభం ఏముంది, వెంకటసుబ్బయ్య గారే. శేషగిరి గారూ, మీరు కాస్త మంచినీళ్ళు తాగండి.

నన్ను ఎందుకు సన్మానిస్తున్నారో ఇక్కడ సగం మందికి తెలియదు. శేషగిరి గారు ఇందాక నన్ను పరిచయం చేస్తూ "కంప్యూటర్ రంగంలో విశేష కృషి" అన్నారు. అంత లేదండీ. నేను చేసింది క్రిప్టో కంపెనీలకు రీటార్గెటింగ్ ప్రకటనలు. అంటే ఏమిటంటే, ఒక కొత్త కాయిన్, అదే ఇంటర్నెట్‌లో మాత్రమే ఉండే నాణెం, వస్తుంది, దానికొక వెబ్‌సైట్ ఉంటుంది, జనం వస్తారు, చూస్తారు, ఏమీ కొనకుండా వెళ్ళిపోతారు. వాళ్ళు కుకీలకు ఒప్పుకుని ఉంటే, ఆ పేజీలో మేం పెట్టిన చిన్న కోడ్ ముక్క వాళ్ళని గుర్తు పెట్టుకుంటుంది. తర్వాత వాళ్ళు వార్తలు చదువుతున్నా, వంటలు చూస్తున్నా, మా కాయిన్ పక్కన నిలబడి "మొన్న వచ్చి వెళ్ళారు కదా, మళ్ళీ రారా?" అని అడుగుతుంది. పైపైన చూసి వెళ్ళినవాళ్ళకు ఒక రకం ప్రకటన, ప్రాజెక్టు వివరాలన్నీ చదివి ఆగిపోయినవాళ్ళకు ఇంకో రకం. కొనేసినవాళ్ళను మాత్రం లిస్టులోంచి తీసేయాలి. నేను కొత్తలో అది మర్చిపోతే లెస్టర్ నుంచి ఒకాయన రాశారు, "అమ్మా, నేను భోంచేసి చెయ్యి కడుక్కున్నాను, మళ్ళీ విస్తరి వేస్తారేమిటి" అని.

ఈ విద్య నేను ఎక్కడ నేర్చుకున్నానని ఇంటర్వ్యూలకు వచ్చే పిల్లలు అడుగుతుంటారు. బాపట్లలో, మా అమ్మ దగ్గర. పేరంటానికి పొద్దున్నే ఇల్లిల్లూ తిరిగి బొట్టు పెట్టి పిలుస్తాం కదా. సాయంత్రానికి సగం మంది వస్తారు, సగం మంది రారు. రానివాళ్ళ ఇంటికి అమ్మ నన్ను మళ్ళీ పంపేది. "పిన్నిగారూ, అందరూ వచ్చేశారు, మీకోసమే చూస్తున్నాం" అని చెప్పి రమ్మనేది. విచిత్రం ఏమిటంటే, ఆ పిన్నిగారు అప్పటికే పట్టుచీర కట్టుకుని, పూలు పెట్టుకుని, వాకిలి వైపే చూస్తూ కూర్చుని ఉండేది. రెండో పిలుపు కోసం ఆగేది, అంతే. మొదటి పిలుపుకే లేచి వస్తే తిండికి మొహం వాచినట్టు ఉంటుందని మా వైపు పెద్దవాళ్ళ లెక్క. కాబట్టి రానివాళ్ళంతా వద్దనుకున్నవాళ్ళు కాదు, చాలామంది ఇంకోసారి పిలిస్తే వద్దామని కూర్చున్నవాళ్ళు. మా వ్యాపారమంతా ఈ ఒక్క ముక్క మీద నడుస్తోంది.

రఘువీర్ నాకు ఉద్యోగం ఇచ్చింది కూడా అందుకే. నేను అంతకుముందు హీత్రో ఎయిర్‌పోర్టులో, దారి తప్పిన సామాను చూసే ఆఫీసులో పనిచేసేదాన్ని. ఈ అబ్బాయి అప్పుడు హౌన్స్‌లోలో నలుగురితో కలిసి ఉండే స్టూడెంటు. సూట్‌కేసు రాలేదని కంప్లయింట్ ఇచ్చాడు, వచ్చాక తీసుకెళ్ళమంటే రాడు. ఫోన్ చేస్తే తీయడు. ఆవకాయ కారి పక్క సూట్‌కేసు పాడైందని ఎక్కడ జరిమానా వేస్తారోనని భయమట. నేను వదల్లేదు. పొద్దున ఫోన్, సాయంత్రం ఫోన్, మెసేజ్, ఆఖరికి "నాయనా, జరిమానా లేదు, వచ్చి నీ ఆవకాయ తీసుకెళ్ళు, ఆ వాసనకి మా సూపర్‌వైజర్‌కి ఆకలేస్తోంది" అని తెలుగులో వాయిస్‌మెయిల్ పెడితే అప్పుడు వచ్చాడు. కొన్నేళ్ళకు కంపెనీ పెట్టుకుని మా ఇంటికొచ్చి, "ఆంటీ, నాకు మీలా వదిలిపెట్టని మనిషి కావాలి" అన్నాడు. మావారు పోయి అప్పటికి రెండేళ్ళు. ఇంట్లో కూర్చుంటే గోడలు మీద పడుతున్నట్టుండేది. క్రిప్టో అంటే ఏమిటని కూడా అడగకుండా సరేనన్నాను.

ఇక మన అధ్యక్షుల సంగతి చెప్పకపోతే అన్యాయం. (శేషగిరి గారు చెయ్యి అడ్డం ఊపారు. నవ్వులు.) ఏదో చూద్దామని ఆయన ఒక కాయిన్ పేజీ తెరిచి మూసేశారు. అది మా ప్రాజెక్టే. ఇంక ఆయన్ని వదల్లేదు. శ్రీరామనవమి నాడు ఇదే హాల్లో తెర మీద పంచాంగం వెబ్‌సైటు పెట్టి తిథి చదువుతుంటే, ముహూర్తం పక్కనే మా కాయిన్ తళతళలాడుతూ ప్రత్యక్షమైంది. వెనక నుంచి పంతులుగారు "ఇదెవరు చదివించారండీ?" అన్నారు. ఆ సాయంత్రం శేషగిరి గారు నన్ను పక్కకు పిలిచి, "ప్రభావతి గారూ, ఇదేదో నన్ను పట్టుకుంది, శాంతి ఏమైనా చేయించాలా?" అని అడిగారు. కుకీలు తుడిపించాను, పోయింది.

ఇలాంటివి జరుగుతాయనే కంపెనీలో వెంకటసుబ్బయ్య గారు ఉన్నారు. ఆయనది ప్రొద్దుటూరు. భార్య పోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు. ఆయన ఉద్యోగం కంప్లయన్స్. నేను రాసిన ప్రతి ప్రకటనా ఆయన చూసి సరేనంటేనే బయటికి పోవాలి. ఈ దేశంలో క్రిప్టో ప్రకటన అంటే మీ డబ్బంతా పోవచ్చు అన్న హెచ్చరిక స్పష్టంగా ఉండాలి, కొంటే బహుమతి ఇస్తామనకూడదు, మొదటిసారి కొనడానికి వచ్చినవాళ్ళకు ఒక రోజు ఆలోచించుకునే గడువు ఇవ్వాలి. ఇవన్నీ ఆయనకు కంఠతా వచ్చు. నేనొకసారి చాలా ముచ్చటపడి "ఈ అవకాశం రేపు ఉండదు" అని రాసుకెళ్ళాను. ఆయన కళ్ళజోడు తీసి, "రేపుంటాది కదా మేడమ్? ఉండేదాన్ని లేదని ఎందుకు చెప్పాల?" అన్నారు. ఒకే మనిషికి రోజుకు ఐదుసార్లు చూపిద్దామంటే, "వద్దు మేడమ్, రెండు చాలు. మనిషిని ఊపిరి పీల్చుకోనీండి" అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంటికి వెళ్ళి గిన్నెలు కడుగుతూ తలుచుకుని నవ్వుకున్నాను. తర్వాత తర్వాత, ఆయన కొట్టేస్తారని తెలిసీ కొన్ని వాక్యాలు కావాలనే రాసుకెళ్ళేదాన్ని. (నవ్వులు. "మాకు తెలుసు ఆంటీ" అని వర్షిత గొంతు.) మా డిజైనర్ వర్షిత. తెలుసా? తెలిసి ఇన్నాళ్ళూ ఊరుకున్నావా?

సరే, దసరాల్లో ఏమైందంటే, ఆఫీసు కిచెన్‌లో నేను పులిహోర వేడి చేసుకుంటున్నాను. ఆయన వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు. "మేడమ్, ఒక మాట అడగాల. ఏమీ అనుకోగాకండి" అన్నారు. నేను ప్రకటన ఏదో తిరగ్గొట్టారనుకున్నాను. ఆయన చెప్పింది చెప్పినట్టు చెబుతాను. "నాకు బీపీ ఉండాది. గురక పెడ్తా. వంకాయ తినను. ఇన్నాళ్ళూ బాగుండాను గాబట్టి ఇకమీద గూడా బాగుంటానని గ్యారంటీ లేదు. ఇవన్నీ తెలుసుకోని, మీకిష్టమైతే, మనం పెండ్లి చేసుకుందామా. ఇప్పుడే చెప్పొద్దండి. ఒక దినం ఆలోచన చేసుకోండి." అని, మైక్రోవేవ్ ఆగిపోయిందని నాకు చూపించి, వెళ్ళిపోయారు. (నవ్వులు. చప్పట్లు.)

అరవై ఏళ్ళు దగ్గరపడుతున్న మనిషిని, అబద్ధం ఎందుకు, నా కాళ్ళు నేల మీద లేవు. బస్సు రెండు స్టాపులు దాటిపోయాక దిగాను. గడువు దాకా కూడా ఆగక్కర్లేకుండా నా జవాబు నాకు తెలుసు. మరి చెప్పలేదేం అంటారా? నేను బాపట్ల దాన్నండీ. మళ్ళీ అడుగుతారని కూర్చున్నాను. మర్నాడు కొంచెం మంచి చీర కట్టుకుని వెళ్ళాను. ఆయన వచ్చి, ఒక ప్రకటనలో హెచ్చరిక అక్షరాలు చిన్నవిగా ఉన్నాయి, పెద్దవి చేయమని చెప్పి వెళ్ళిపోయారు. దీపావళికి అడుగుతారనుకున్నాను, క్రిస్మస్ పార్టీలో అడుగుతారనుకున్నాను. ఎక్కడండీ? ఎప్పటిలాగే మర్యాద, ఎప్పటిలాగే కళ్ళజోడు, అంతే. మధులికతో చెప్తే, "మమ్, జస్ట్ టెక్స్ట్ హిమ్" అంది. ఆడపిల్లవాళ్ళ వైపు నుంచి మాట పోకూడదే అంటే, "మమ్, యు ఆర్ ద గర్ల్ అండ్ ద పేరెంట్స్, హూ ఎల్స్ విల్ గో?" అంది. (నవ్వులు.)

మొన్న ఆయన మాంచెస్టర్ ఆఫీసుకు అడిగి వేయించుకున్నారని రఘువీర్ చెప్పాడు. ఆ రోజు టీమ్ పిల్లలకు ఆయనే ఒక క్లాసు చెప్పారు, నేను వెనక కూర్చుని విన్నాను. ఒక పిల్ల అడిగింది, "అంకుల్, ఒకసారి అడిగాక వాళ్ళు ఏమీ చెప్పకపోతే ఇంకెన్నిసార్లు అడగొచ్చు?" అని. ఆయన అన్నారు, "జవాబు రాకుంటే అదే జవాబు తల్లీ. వాళ్ళని వదిలిపెట్టాల. అదే మర్యాద." గొంతు ఎప్పటిలాగే ఉంది. చేతిలో పెన్ను మూత మాత్రం పెడుతున్నారు, తీస్తున్నారు. అప్పుడు తెలిసింది నాకు. నేనేమో ఆయన మళ్ళీ పిలుస్తారని కూర్చున్నాను. ఆయనేమో మళ్ళీ పిలవడం తప్పనుకుని కూర్చున్నారు. ఎవరి మర్యాద వాళ్ళది. ఆ మర్యాదలతో ఒక చలికాలం మొత్తం పోగొట్టుకున్నాం. ఆ రాత్రి ఏడ్చాను కూడా, ఎందుకు దాచాలి.

వెంకటసుబ్బయ్య గారూ, తల ఎత్తండి. ఇలా నలుగురిలో అడగడం మీకు నచ్చదని తెలుసు. మీరు పని మీద తప్ప నా గదికి రారు, నేను మీ గదికి వస్తే కాగితం మీద సంతకం పెట్టి పంపేస్తారు, ఇంక నాకు ఈ మైకే దొరికింది. మీ పద్ధతిలోనే చెబుతాను. నేను ఎక్కువ మాట్లాడతాను, అది మీరు ఇప్పటికే గమనించి ఉంటారు. కూరలో ఉప్పు ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ. తప్పు నాదని తెలిసినా సాయంత్రం దాకా ఒప్పుకోను. మా అమ్మాయి ప్రతి వారాంతం బట్టల మూటతో మా ఇంటికి వస్తుంది, మన పెళ్ళయ్యాక కూడా వస్తుంది. మావారి ఫోటో హాల్లో ఉంటుంది, తీయను. ఇవన్నీ తెలుసుకుని, మీ మనసు మారకపోయి ఉంటే, మీరు అడిగినదాన్నే నేను మళ్ళీ అడుగుతున్నాను. మనం పెళ్ళి చేసుకుందామా? ఒక రోజు ఆలోచించుకోండి. ఆ గడువులో మీ జవాబు రాకపోతే అర్థం చేసుకుంటాను, మూడోసారి పిలవను.

(వెనక వరుసలో వెంకటసుబ్బయ్య లేచి నిలబడ్డారు. ఏదో అన్నారు.)

వినపడట్లేదు. వర్షితా, ఆయనకు ఆ మైకు ఇవ్వమ్మా.

(వెంకటసుబ్బయ్య: "దినమెందుకు మేడమ్. దసరా నుంచి ఇదే ఆలోచన జేస్తాండా. నాకు ఇష్టమే." చాలాసేపు చప్పట్లు. మధులిక లేచి ఈలవేసింది.)

కూర్చో అమ్మా, పెద్దవాళ్ళున్నారు. రఘువీర్, ఆ మాంచెస్టర్ సంగతి రేపు మాట్లాడదాం, ఇవాళ నీ మొహం చూడను. శేషగిరి గారూ, శాలువాకీ, బిర్యానీకీ, మైకుకీ మీకు చాలా కృతజ్ఞతలు. సభకు వచ్చిన ప్రతి ఒక్కరికీ పేరుపేరునా ధన్యవాదాలు. ఇంకా చాలా చెబుదామని రాసుకొచ్చాను గానీ, నాకోసం ఒకాయన లేచి నిలబడి ఉన్నారు, మోకాళ్ళు మంచివి కావు, వెళ్ళి కూర్చోబెట్టాలి. సెలవు.