స్వెనింగ్ మంచం దాకా బీరు గొట్టం

స్వెనింగ్‌ని మట్టి చేసి వచ్చి వాళ్ళింట్లోనే కూర్చున్నాం. బల్ల మీద నల్ల రొట్టె, ఉప్పుచేప, బీరు సీసాలు. మాట్లాడుతున్నది ఒక్క ఏగనే. జీవితమంతా స్వెనింగ్‌తో ఒకే పడవ మీద వేటకెళ్ళినవాడు. నోరు తెరిస్తే కోతలే.

"మీకెవరికీ తెలీదు గానీ," అని మొదలెట్టాడు, "మంచాన పడ్డాక వాడు నన్ను అడిగింది ఒక్కటే. 'ఒరే ఏగన్, పోయేలోపు కుళాయి బీరు ఒక్క గ్లాసు తాగాలనుందిరా, సీసాది కాదు' అన్నాడు. మెట్లు దిగలేడు కదా. బీరు పీపా కింద నేలమాళిగలో, వాడు పై గదిలో, మధ్యలో గొట్టం వెయ్యాలి. ఓస్, అదెంత పని అనుకుని తోటకి నీళ్ళు పట్టే గొట్టమంత లావుది తెచ్చి బిగించాను. కుళాయి తిప్పితే ఏమొచ్చిందో తెలుసా? ఉత్త నురగ."

"అంత లావుదైతే నురగే వస్తుంది," అన్నాడు పడవలు బాగుచేసే టాగె.

"రావడమంటే మామూలుగానా? గది నిండిపోయింది. మంచం తేలింది. సముద్రపు పక్షులు కిటికీలోంచి వచ్చి నురగ మీద వాలాయి. మంచం కోడు పట్టుకుని వాణ్ణి కిందికి లాగేసరికి నా పని అయిపోయింది. వాడు నవ్వాడురా. అంత నొప్పిలోనూ నవ్వాడు."

స్వెనింగ్ భార్య గుడ్రున్ కాఫీ పోస్తోంది. ఆవిడ తలెత్తలేదు.

"సరే, సన్న గొట్టం తెచ్చాను. గొట్టాన్ని కుళాయికి బిగించే పాత కప్లింగ్ దానికి పట్టదు. కొత్త కప్లింగ్ తెస్తే అది కుళాయికి పట్టదు. వాషరు వేస్తే కారుతుంది, తీస్తే ఊడుతుంది. తలప్రాణం తోకకొచ్చిందనుకోండి. రోజూ లెమ్‌విగ్ టౌనుకి పరుగే, నా కారు చప్పుడు వింటే కొట్టువాడు తలుపేసుకునేవాడు. చివరికి తెలిసిందేంటంటే, నురగ తగ్గాలంటే గొట్టం సన్నగా ఉంటే చాలదు, పొడుగ్గా కూడా ఉండాలి. ఇంటి చుట్టూ చుట్టాను. చాల్లేదు. లైట్‌హౌస్ దాకా లాగి వెనక్కి తెచ్చాను. చాల్లేదు. ఆ తర్వాత ఏం చేశానో తెలుసా?"

"నార్వే దాకా లాగి ఉంటావు," అన్నాడు టాగె.

"లాగాను మరి. సముద్రం అడుగునుంచి. దారిలోనే చల్లబడుతుంది కూడాను. అక్కడ ఎవడో నార్వేవాడు కన్నం పెట్టి తాగేస్తుంటే వెళ్ళి నాలుగు తన్ని వచ్చాను. నా బిగింపు ఎంత గట్టిదంటే, తుపానులో లంగరు తెగిన పెద్ద ఓడొకటి నా కప్లింగ్‌కే తాడు కట్టుకుని తెల్లారేదాకా నిలబడింది."

"ఆ ఓడ పేరేంటో?" అన్నాడు టాగె.

"పేర్లు చదివే తీరికెక్కడిదిరా నాకు? పైన వాడు ఎదురుచూస్తుంటే."

ఏగన్ కళ్ళు తుడుచుకుని ఇంకా గట్టిగా అందుకున్నాడు.

"ఆ చివరి రోజు కుళాయి తిప్పాను. తేటగా వచ్చింది బీరు, పైన వేలెడు నురగ. నా చేత్తో నోటికందించాను. ఒక గ్లాసు తాగి లేచి కూర్చున్నాడు. రెండోదానికి మంచం దిగాడు. మూడోదానికి బూట్లు తొడుక్కుని పడవ తియ్యరా అన్నాడు. నా భుజమ్మీద చెయ్యేసుకుని రేవు దాకా నడిచాడు. దేవుడంతటివాడు దిగొచ్చి, నాకూ ఒకటి పొయ్యి బాబూ అని అడిగాడు. వాడు అక్కడే, నిలబడే, తృప్తిగా పోయాడు. మంచంలో పోయాడని ఎవడైనా అంటే నమ్మకండి."

గుడ్రున్ కాఫీ కూజా బల్ల మీద పెట్టింది.

"ఏగన్, ఆ రోజు నువ్వు ఇక్కడ లేవు," అంది.

"గుడ్రున్..."

"కప్లింగ్ కోసం లెమ్‌విగ్ వెళ్ళావు. ఆయన గొంతు ఎండిపోతోందన్నాడు. ఫ్రిజ్‌లో సీసా ఉంది, కాస్త పొయ్యనా అంటే వద్దన్నాడు. 'పాపం, వాడు నాకోసం అంత తిరుగుతున్నాడు, వచ్చి పోస్తాడులే' అన్నాడు. ఊపిరి ఆగేదాకా తలుపు వంకే చూశాడు."

ఆవిడ గొంతులో కోపం లేదు. ఉంటే బావుండేదనిపించింది నాకు.

ఏగన్ చేతిలో ఉన్న సీసా బల్ల మీద పెట్టేశాడు.

"దొరికింది, గుడ్రున్," అన్నాడు. "ఆ రోజే దొరికింది, సరిగ్గా పట్టేది."