రిసాలి బానలు, నరసింగరావు గారి మాట

1957 మార్చి నాలుగవ తేదీ ఉదయం, దుర్గ్ సమీపాన రిసాలి నిర్మాణ శిబిరపు గుడారం ముందు మొదట సెక్షన్ ఇంజనీరు వాసుదేవరావు గారు, ఆయన పక్కన మేస్త్రీ జగ్గయ్య, వారి వెనుక మట్టిపని చేసే పురుషులు, చివర తులసమ్మ ముందుండగా స్త్రీలు వరుసదీరి నిలిచిన వేళ, శ్రీ నరసింగరావు గారు ఓవర్సీయరుగా బాధ్యతలు స్వీకరించారు.

విజయనగరం వైపు కాలువల నిర్మాణంలో ఆరితేరిన ఆయనకు ఇక్కడి నేల కొత్త. మనుషులు మాత్రం తమ ప్రాంతం వారే. తట్ట మోసే స్త్రీని సైతం ‘అమ్మా’ అని సంబోధించిన తరువాతనే పని పురమాయించడం వారి పద్ధతి.

1959 శీతకాలంలో ఉద్యోగుల క్వార్టర్ల పునాదులు తవ్వుతుండగా, నిలువెడు లోతున రెండు పెద్ద బానలు మూతికి మూతి ఆనించి పడుకోబెట్టి కనిపించాయి. లోపల మనిషి ఎముకలు, చుట్టూ చిన్న గిన్నెలు, తలవైపున పిట్ట ఆకారంలో ఒక మట్టిపాత్ర. అన్నీ ఎత్తి పల్లంలో పోసి పూడ్చెయ్యమన్నాడు కంట్రాక్టరు.

“ఏటి బాబూ, ఇది మనిషి కాదా? చెత్తలో పోసేత్తారా?” అని తులసమ్మ అడ్డం నిలిచింది.

“ఊరు తెల్దు, పేరు తెల్దు. పంతులొత్తే ఏ గోత్రం చెప్తావే?” అన్నాడు జగ్గయ్య.

“నీ గోత్రమే చెప్పు భయ్యా! నీకూ ఎనకా ముందూ ఎవులూ లేరు గదా!”

అందరూ నవ్వారు, నరసింగరావు గారు నవ్వలేదు. యుద్ధకాలంలో రంగూను నుండి నడిచి వస్తూ దారిలో మరణించిన అన్నగారికి కర్మ చేసే భాగ్యం తనకు కలగలేదన్న వేదన వారిని విడువలేదు. ఆ అనామకునికైనా సద్గతి కలగాలని, లారీలో అన్నిటినీ దుర్గ్ దగ్గర శివనాథ్ నది ఒడ్డుకు చేర్పించి, అస్థికలను నిమజ్జనం చేశారు. చావు తగిలిన కుండ తిరిగి రాకూడదన్నది మనవైపు ఆచారం కనుక, పాత్రలన్నిటినీ పగలగొట్టించి నీట వదిలారు. పిట్టను మాత్రం స్వహస్తాలతో రాతికి కొట్టారు. పుణ్యకార్యమని అందరూ ప్రశంసించారు.

మరుసటి సంవత్సరం, ఆ వార్త విని ఒక పురావస్తు పండితుడు వచ్చారు. “ఇటువంటివి కొరియా దేశంలోనూ ఉన్నాయండీ. అక్కడి ప్రాచీనులు బానలను మూతికి మూతి కలిపి మృతులను అందులో ఉంచేవారు. బాతు ఆకారపు పాత్రలనూ సమాధుల్లో పెట్టేవారు. పోయినవారికి ఆ పక్షి దారి చూపుతుందని వారి విశ్వాసం కావచ్చు. మీకు దొరికిన పిట్ట ఏదండీ?” అన్నారు.

ఎవరో ఆప్తులు తమవారికి తోడుగా పంపిన పక్షిని, మైల వస్తువని తానే కడతేర్చినట్టు నరసింగరావు గారికి అప్పుడు అర్థమయింది.

ప్రాచీన వస్తువులను నాశనం చేశారని విచారణ వచ్చింది. కంట్రాక్టరు నేరమంతా కూలీల పైకి నెట్టి, జగ్గయ్యను, తులసమ్మను పని మానిపించబోయాడు. అప్పుడు నరసింగరావు గారు లేచి, “మోసింది వాళ్లు, మొయ్యమన్నది నేను. పిట్టను పగలగొట్టిందీ నేనే. వాళ్ల జోలికి పోకండి” అన్నారు. వారిద్దరి కూడు దక్కింది. ఆయనకు రావలసిన అసిస్టెంట్ ఇంజనీరు పదవి ఈనాటి వరకు దక్కలేదు.

దానిని గురించి వారు ఏనాడూ విచారించలేదు. విచారమంతా ఆ పాత్రల గురించే. నీరు తగ్గిన ప్రతి వేసవిలోనూ శివనాథ్ ఇసుకలో వెతికేవారు.

“ఇంకా ఏటి ఎతుకుతారండీ? ఆ పిట్ట ఎప్పుడో ఎగిరిపోయుంటాది” అనేవారు సతీమణి జ్ఞానప్రసూన గారు.

“ఎగిరిపోయుంటే బాగుణ్ణే” అనేవారు ఆయన.

దొరికినవి పెంకులే, వాటిలో ఏది ప్రాచీనమో, ఏది మొన్నటి నీళ్లకుండదో చెప్పగలవారు లేరు. ఆ తరువాత ఏ పునాదిలో పార ఖంగుమన్నా వారు పని ఆపించి దిగి చూసేవారు. మరొక బాన తగలలేదు.

ఈ 1970 ఫిబ్రవరి మాసాంతాన విశ్రాంత జీవితంలో ప్రవేశిస్తున్న ఆ దంపతులు ఆయురారోగ్యాలతో, మనశ్శాంతితో చిరకాలం వర్ధిల్లాలని సహోద్యోగులందరి ఆకాంక్ష. నశించిన పాత్రలకు విచారాన్ని తెలుపుతూనే, మౌనం వహిస్తే పదవి లభించే అవకాశం ఉండి కూడా, ఇద్దరు శ్రమజీవుల జీవనాధారాన్ని కాపాడేందుకు దోషాన్ని తన పేరిట ప్రకటించిన శ్రీ నరసింగరావు గారి కార్యాన్ని ఈ వీడ్కోలు సంచిక సగౌరవంగా, కృతజ్ఞతాపూర్వకంగా గుర్తిస్తున్నది.