తలుపు కింద ఇటుకముక్క

అచ్చియ్యమ్మ అని, మా కాలవగట్టు మీద రత్నం వాళ్ళమ్మ, ఆవిడకి ఒకటే పిచ్చి, వడియాలు. కొడుకేమో ఇంటెనకాల ఈతకొలను కట్టించాడు, ఊరు చూడ్డానికొచ్చే పట్నపోళ్ళకి గదులిద్దామని. పక్కనే కాలవ పారతన్నా సరే, పట్నపోళ్ళకి నీలం పలకల్లో నీళ్ళు కావాలి గదా, అది వేరే సంగతి. సరే, కొలను చుట్టూ ఇనప కంచె ఉండాలన్నారంట గదులకి పర్మిషనిచ్చే ఆఫీసోళ్ళు, కట్టాడు. అచ్చియ్యమ్మ ఏమనుకుందంటే, ఆ కంచె తన వడియాల కోసమే అనుకుంది. నవ్వకండి. కోడి రాదు, మేక రాదు, కొలను గట్టుమీద రాతిపలకలు పెనంలాగ కాల్తాయి. మేడెక్కుదామంటే మోకాళ్ళు రానియ్యవు. ఇంతకన్నా మంచి చోటు ఎక్కడ దొరుకుద్ది చెప్పండి.

ఇబ్బందల్లా ఆ కంచె తలుపుతోనే. స్ప్రింగు తలుపు అది, వదిల్తే దానంతటదే వచ్చి మూసుకుంటది. రెండు చేతుల్తో పిండిగిన్నె పట్టుకుని ఎళ్తుంటే ఎనకనించి వచ్చి నడుం మీద కొట్టేది. రెండు మాట్లు కొట్టించుకుంది, మూడోమాటు ఇటుకముక్క తెచ్చి తలుపు కింద పెట్టింది. ఆ ఇటుక పెట్టే పని మనవరాలు నేర్చేసుకుంది. యోషిత అని, ఇంకా మూడేళ్ళు నిండలేదనుకో. మామ్మ గిన్నె ఎత్తితే చాలు, అది ఇటుక ఎత్తేది. ఎంత బుద్ధిమంతురాలో చూడండని అచ్చియ్యమ్మ ఊరంతా చెప్పుకునేది. నాకూ చెప్పింది, నేనూ అవునన్నాను. అంటే ఇందులో నా తప్పూ ఉంది.

ఇంతలో ఏమైందంటే, బుధవారం వచ్చి కంచె చూస్తామని ఆఫీసునించి కబురొచ్చింది. కంచె బావుందని ఆళ్ళు కాయితం మీద సంతకం పెడితేనే కార్తీకమాసానికి గదులు తెరవాలి, లేదంటే కొలను పూడ్చుకోడమేనంట. ఇంక రత్నం, వాడి పెళ్ళాం దుర్గాభవాని కాలు నిలవకుండా తిరిగారు. కంచె మీదకి వాలిన జాంకొమ్మ కొట్టేశారు, పిల్లలు ఎక్కడానికి ఆసరా అవుద్దని పక్కనున్న నులకమంచం తీసేశారు, పూలకుండీలు తీసేశారు, కిందన కుక్కపిల్ల దూరేంత సందుంటే సిమెంటు పోశారు, గడియకి నూనె రాశారు. ఇటుకముక్క పంపు దగ్గర పడేశారు. అన్నీ చేశారు గానీ, అమ్మా బుధవారం వడియాలు పెట్టకు అని ఒక్కరంటే ఒక్కరు చెప్పలేదు. ఆవిడ మంగళవారమే పప్పు నానేసేసింది, గుమ్మడికాయ తరిగేసింది.

వచ్చినామె చిన్నవయసే గానీ గట్టిదంట. టేపు పెట్టి ఊచ ఊచకీ సందు కొలిచింది. ఒక్కో ఊచా పట్టి ఊపింది. తలుపు బెత్తెడు తెరిచి వదిలింది, మూసుకుంది. సగం తెరిచి వదిలింది, మూసుకుంది. అంతా బావుందండి అని కాయితం తీసి, కలం మూత తీసిందంట. రత్నం మొహం ఎలిగిపోతంది. ఇటేమో ఎండెక్కతంది, పిండి పులిసిపోతంది. అచ్చియ్యమ్మ ఎంతసేపని కూర్చుంటది, గిన్నె ఎత్తుకుని లేచింది. మామ్మ గిన్నె ఎత్తిందా, పిల్ల పంపు దగ్గరికి పోయింది. ఇటుకని పొట్టకి ఆనించుకుని, రెండు చేతుల్తో పట్టుకుని, ఒళ్ళంతా ఎనక్కి వాల్చి నడుచుకుంటా వచ్చింది. అచ్చియ్యమ్మ అలవాటుగా గిన్నె కిందపెట్టి గడియ ఎత్తి తలుపు లాగింది, పిల్ల ఇటుక తోసింది, కదలకుండా రెండు దెబ్బలు కొట్టింది కూడా. కొట్టి, మామ్మ కన్నా ముందే లోపలికెళ్ళి, నీళ్ళ అంచున కూర్చుని, కాళ్ళు లోపలికేసింది.

అచ్చియ్యమ్మ ఎప్పుడూ నీళ్ళకి వీపు పెట్టి కూర్చునేదంట, ఎండ కళ్ళల్లో పడుద్దని. అందుకని అన్నాళ్ళూ చూళ్ళేదు. ఆవేళా గిన్నెతో లోపలికొచ్చి అలాగే కూర్చోబోతా, అందరూ తన ఎనక్కి చూస్తున్నారేంటని తిరిగి చూసింది. దుర్గాభవాని అప్పటికే పరిగెత్తి పిల్లని ఎత్తేసుకుంది. ఆఫీసామె దగ్గరికొచ్చి, రోజూ ఎక్కడ కూర్చుంటావమ్మా అని మెల్లిగా అడిగింది. పిల్ల తల్లి భుజమ్మీంచి ఏలు చూపించింది. "అక్కడే. మామ్మ వడియాలు, నేను కాళ్ళు."

ఆమె కలానికి మూత పెట్టేసింది. కంచెకి వంక లేదండి, కానీ ఇవాళ సంతకం పెట్టను, మళ్ళీ చెప్పకుండా వస్తాను అంది. రత్నం, మేడంగారూ, ఈ ఒక్కసారికీ అని ఏదో అనబోయాడు. అచ్చియ్యమ్మ కొడుక్కి అడ్డొచ్చింది. "పెట్టకండమ్మా," అంది. "నేను మారేదాకా పెట్టకండి."

అన్నదీ, గిన్నె ఎత్తుకుంది, ఇటుక చంకలో పెట్టుకుంది, మెట్టుమెట్టుకీ ఆగతా మేడెక్కేసింది. నెలలోపు ఆ మేడంగారు చెప్పకుండానే వచ్చింది, తలుపు మూసుంది, సంతకం పెట్టేసింది. ఇటుకంటారా, మేడమీద వడియాల గుడ్డ ఎగరకుండా మూలల్లో బరువు పెడతాం గదా, ఒక మూలన అదే ఉంటది.

మొన్న అడిగాను, ఒదినా మోకాళ్ళెలా ఉన్నాయీ అని. నొప్పే, అవొక్కటే గదా నొప్పి అంది. ఇక వడియాలు, తిన్నాన్లెండి. కొలను గట్టుమీద ఎండినంత కరకరలాడవు. ఆ మాట నేను ఆవిడతో అన్లేదు, మీరూ అనకండి.