పొంపెల్‌మూస్ వద్దని నేను చెప్పలేదు

అధ్యక్షులు లీవెన్ గారికి, ముందు వరసలోని పెద్దలకు, మా మందుల షాపు కౌంటరు ముందు ఏళ్ల తరబడి నిలబడిన మీ అందరికీ, ఇవాళ్టితో తెల్లకోటు విప్పేస్తున్న మా షాపు యజమాని గోదలీవ గారికి నమస్కారం. క్లుప్తంగా మాట్లాడమన్నారు, మా హాలండు వాళ్లకు అది చేతకాదని ఇటు బెల్జియం వైపు ఫ్లాండర్స్‌లో అందరూ అనుకునేదే గనుక, తప్పు నాది కాదు. (నవ్వులు)

పదకొండేళ్ల కిందట, నేను సరిహద్దు దాటి వచ్చి ఈ షాపులో చేరిన మూడో వారంలో, అదిగో, కిటికీ పక్కన నావైపు చూడకుండా కాఫీ కలుపుకుంటున్న అషీల్ గారికి (ఆయన అనుమతితోనే చెబుతున్నాను) బీపీ మాత్రలిస్తూ, వీటితో గ్రేప్‌ఫ్రూట్ మాత్రం ముట్టుకోవద్దని, తింటే ఒక్క మాత్ర రెండు మూడు మాత్రల బలంతో పనిచేసి బీపీని మరీ దించేస్తుందని, చదివిందంతా ఒప్పజెప్పాను. అలాంటిది తమ ఇంటి ఛాయలకే రాదని ఆయన మాటిచ్చారు. పది రోజులకు చర్చి మెట్ల మీద కళ్లు తిరిగి పడి మణికట్టు విరగ్గొట్టుకున్నారు.

మోతాదు నేనే తప్పిచ్చానేమోనని కాగితాలన్నీ తిరగేశాను. గోదలీవ గారు కాగితాల జోలికే పోలేదు. చేతికట్టుతో వచ్చిన ఆయన్ని కూర్చోబెట్టి, పొద్దున లేచింది మొదలు ఏమేం తింటారో చెప్పమన్నారు. రొట్టె, జున్ను, పక్కింటివాళ్ల మీద ఫిర్యాదులు అన్నీ అయ్యాక ఆయన, "ఆఖర్న సగం పొంపెల్‌మూస్, పంచదార చల్లుకుని" అన్నారు.

"గ్రేప్‌ఫ్రూట్ వద్దందిగా ఈ అమ్మాయి?"

"అదేమిటో నేనెరగను తల్లీ. నేను తినేది పొంపెల్‌మూస్."

నవ్వండి, నవ్వండి. మేం గ్రేప్‌ఫ్రూట్ అనే ఆ పెద్ద నారింజలాంటి పుల్లటి పండే మీ పొంపెల్‌మూస్. మా వైపు ఆ పేరు వేరే పండుది. మనందరిదీ ఒకే డచ్చి భాష గదా అనుకోవడమే నా పొరపాటు.

ఆ సాయంత్రం నేను రాజీనామా రాసిచ్చిన సంగతి ఇంతవరకూ ఎవరికీ తెలియదు. గోదలీవ గారు చదివి, అందులో ఒక అక్షరదోషం దిద్ది, కాగితం నా చేతిలోనే పెట్టారు.

"నువ్వు చెప్పింది తప్పు కాదు. ఆయనకేం అర్థమైందో అడగలేదు, అంతే. రేపు పెందలాడే రా."



సోమవారం నుంచి షాపు నాది. ఆమె వెనక లేని కౌంటరు దగ్గర నేను నిలబడగలనా అన్నది నాకింకా అనుమానమే. నిన్న ఆవిడతోనే ఆ మాట చెప్పుకుంటే, ఓదారుస్తారనుకున్నాను. "భయపడు. భయం పోయిన రోజున తాళాలు ఇంకొకరికిచ్చెయ్" అన్నారు.

అందుకని గోదలీవ గారూ, భయపడుతూనే ఎనిమిదిన్నరకు షట్టరు ఎత్తుతాను. ఆ వేళకు మీరు మాత్రం నిద్ర లేవకండి. ఓపిగ్గా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. కాఫీలు చల్లారకముందే నాకిక సెలవు.