బావి దగ్గర తడిచీర

రేపల్లె ఆసుపత్రి వెనక బావి దగ్గర, పట్టపగలు, డ్యూటీ చీరతోనే తలమీద నీళ్ళు గుమ్మరించుకుంటూ దొరికిపోయింది కుర్ర నర్సు. కొన్నాళ్ళుగా ఆ పిల్ల తడిజుట్టు మీద కన్నేసి ఉంచిన పెద్ద నర్సమ్మ, చప్పుడు చేయకుండా వెనకే వచ్చి నిలబడింది.

"వార్డు వదిలేసి ఇక్కడేం చేస్తున్నావే?"

"ఏం లేదండి. ఉక్కగా ఉంటేనూ..."

"పళ్ళు కొట్టుకునే చలిలో ఉక్కేంటి? మొన్నా ఇంతే, జుట్టు కారుతూ వచ్చావు. ఎవర్ని కలిసొస్తున్నావు?"

"అయ్యో, ఒట్టు, అలాంటిదేం లేదండి."

"మరి కట్టుబట్టలతో ఈ స్నానమేంటి? మీ దుగ్గిరాలలో ఎవరన్నా పోయారా?"

"లేదండి. మన పేరంటాలు పోయిందిగా, పొద్దున."

"కాన్పుకొచ్చిన ఆ పడవలోళ్ళ పిల్లా? నీకేమవుతుంది?"

"ఏమీ అవదండి. నా చెయ్యి పట్టుకునే పోయింది. నీళ్ళు పోసుకోకపోతే ముద్ద దిగట్లేదు."

"మరి మొన్న?"

"పాము కరిచిన తాత కోసమండి."

పెద్ద నర్సమ్మ చేతి గడియారం విప్పి గట్టు మీద పెట్టి, తడిరాతి మీద చతికిలబడింది.

"చేద వెయ్యి."

"మీకెందుకండీ?"

"ఈ ఉద్యోగంలో చేరింది మొదలు నేనెవరికీ పోసుకోలేదే."

"ఇప్పుడు ఎవరి కోసమండి?"

"నువ్వు పోస్తూ ఉండు. పేర్లు నేను చెప్తుంటా."